పదహారు శాతం

"ఫ్యాన్ ఆపింది నువ్వా, కాదా? ఒక్క ముక్కలో చెప్పి చావు."

మేజర్ హర్కాయి దెజో అరచేత్తో బల్ల మీద కొట్టాడు. బల్ల మీది గాజుగ్లాసులు గలగలమన్నాయి. ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్న పిరోష్కా ఉలిక్కిపడింది. కట్టుకున్న ఏప్రన్‌ని పొద్దుటి నుంచీ రెండు చేతులా నులిమి నులిమి పీలికలు చేసేలా ఉంది.

"నేను ఇంటికెళ్ళేటప్పటికి తిరుగుతూనే ఉందండీ."

"ఎన్నింటికెళ్ళావు?"

"మధ్యాహ్నం గంట కొట్టాక కాసేపటికి. పన్నెండున్నర అయ్యుంటుందండీ."

"అప్పుడిక్కడ ఎవరున్నారు?"

"ఆంబ్రుష్ బాబాయి ఒక్కడేనండీ."

"అంటే నువ్వూ, ఆయనా. ఆయన పోయాడు. ఇక మిగిలింది నువ్వేగా!"

పోలీసు లెక్కలు చాలావరకు ఇలాగే తేలిపోతాయి. ఇద్దరిలో ఒకరు పోతే, మిగిలినవాళ్ళ చేతికి బేడీలు. కిటికీ దగ్గర నిలబడి వింటున్న కెప్టెన్ కెలెమెన్ ఎతెల్కాకి ఈ రకం లెక్కలంటే ఒళ్ళు మంట. కానీ ఏం చేస్తుంది? ఆమె షార్‌హెగ్ ఊరి స్టేషన్‌కి మాత్రమే అధికారి. హర్కాయి జిల్లా నుంచి దిగినవాడు, ఒక మెట్టు పైవాడు, వచ్చిన గంటకే కేసు ముగించేసినవాడు. నాలుగు గంటలకి పిరోష్కాని బండెక్కించి జిల్లా జైలుకి తీసుకుపోతానని చెప్పేశాడు. ఒకసారి ఆ బండెక్కితే ఎనిమిదేళ్ళదాకా దిగడం ఉండదు.

జరిగింది ఊరంతటికీ తెలిసిందే. అక్టోబరు నెల. కొండవాలులో తవ్విన ప్రతి నేలమాళిగలోనూ పీపాల్లో ద్రాక్షరసం బుసబుసా పొంగి పులుస్తోంది. పులిసే రసం నుంచి బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, పుడుతుంది. అది మామూలు గాలి కంటే బరువు, రంగు లేదు, వాసన లేదు, అడుగున నీళ్ళలా పేరుకుంటుంది. అందుకే పైన, ఇప్పుడు వీళ్ళు కూర్చున్న ద్రాక్ష పిండే గదిలో ఫ్యాన్ పెట్టి, పొడుగాటి రేకు గొట్టంతో బయటి గాలిని అడుగుదాకా తోస్తారు. మొన్న ఆ ఫ్యాన్ ఎవరో ఆపారు. సాయంత్రం నేలమాళిగ యజమాని వాదాష్ ఆంబ్రుష్ శవమయ్యాడు. తమ్ముడు గాష్‌పార్ ప్రాణాలకి తెగించి లోపలికి దిగి అన్నని బయటికి ఈడ్చుకొచ్చాడట. చనిపోయేముందు అన్న కళ్ళు తెరిచి, "పిరోష్కా ఫ్యాన్ ఆపేసింది" అన్నాడట. ఆ ఒక్క మాట మీదే ఈ కూలిమనిషి మెడకి ఉచ్చు బిగుసుకుంటోంది.

ఎతెల్కా వచ్చి పిరోష్కా పక్కన చతికిలబడింది.

"పిరోష్కా, ఇటు చూడు. మేజర్‌గారు అరిస్తే నువ్వు బెదురుతున్నావు, సరే. కానీ గాష్‌పార్ కిటికీ పక్కనుంచి నడిచినప్పుడల్లా నీ మొహం సున్నం కొట్టినట్టయిపోతోంది. ఎందుకు?"

పిరోష్కా కిటికీకేసి ఒక్కసారి చూసి తల దించుకుంది.

"అతనంటే భయమా?"

"నాకు అందరన్నా భయమేనమ్మా."

"ఆహా! కవిత్వం!" హర్కాయి కుర్చీ వెనక్కి తోశాడు. "కెప్టెనమ్మా, నాలుగింటిదాకా నీ ఇష్టం. తర్వాత మాత్రం ఈమె నాది."

నేలమాళిగ తలుపు దగ్గర గాష్‌పార్ సిద్ధంగా ఉన్నాడు. యాభై ఐదేళ్ళ గట్టి మనిషి, ఎండకి మాడిన మెడ. అన్నదమ్ములిద్దరూ ఈ నేలమాళిగ వాటాల మీద మాటలు మానేసి చాలా ఏళ్ళయింది. ఒకే తలుపుకి చెరొక తాళంచెవి. ఒకడు పొద్దున వస్తే ఇంకొకడు సాయంత్రం వచ్చేవాడు. అలాంటివాడు అన్న కోసం చావుకి ఎదురెళ్ళాడంటే ఊరివాళ్ళు చేతులెత్తి మొక్కుతున్నారు. రక్తసంబంధం ఎక్కడికి పోతుంది, అని.

ఫ్యాన్ గుయ్యిమని తిరుగుతోంది. గాష్‌పార్ కర్రకి గుచ్చిన కొవ్వొత్తి వెలిగించి ఆమె చేతికిచ్చాడు.

"మోకాలి దగ్గర పట్టుకోండి, కామ్రేడ్ కెప్టెన్. ఎత్తి పట్టుకుంటే మీకు దారి చూపిస్తుంది గానీ అడుగున గ్యాస్ ఉన్న కబురివ్వదు."

ఎతెల్కాకి భూమిలోపలికి దిగడమంటే చచ్చేంత భయం. కారణమేమిటని అడిగితే చెప్పలేదు. కొందరికి పిల్లులంటే భయం, కొందరికి ఉరుములంటే భయం, ఈవిడకి నెత్తిమీద మట్టి ఉంటే భయం. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే గోడని పట్టుకుంది. దిగేకొద్దీ చల్లదనం, పులిసిన వాసన, పీపాల్లోంచి గుసగుసమనే చప్పుడు. వెనక గాష్‌పార్ ఊపిరి మెడ మీద తగులుతోంది. ఎందుకో అతణ్ణి ముందు నడవమంటే బాగుండేదనిపించింది. కానీ ఆ మాట అనడానికి సిగ్గు అడ్డొచ్చింది.

"చెప్పండి. మొన్న సాయంత్రం."

"ఆరు గంటలకి వచ్చాను. చర్చి గంట మోగుతోంది. చూస్తే ఫ్యాన్ ఆగిపోయి ఉంది. గుండె గుభేలుమంది. ముందు స్విచ్ వేశాను. కొవ్వొత్తి వెలిగించుకుని దిగాను."

"కొవ్వొత్తి ఆరిపోలేదా?"

"మినుకు మినుకుమంది గానీ ఆరలేదు. ఆరి ఉంటే దిగుతానా? నాకేమన్నా పిచ్చా? మా ఊళ్ళో పసిపిల్లాణ్ణి అడగండి. కొవ్వొత్తి ఆరితే కన్నతల్లి లోపలున్నా సరే, వెనక్కి తిరగాల్సిందే."

"అడుగుదాకా వెళ్ళారా?"

"ఇదిగో, ఈ చివరి పీపా పక్కనే పడి ఉన్నాడు అన్నయ్య." గాష్‌పార్ గొంతు తడబడింది. "అన్నయ్యా, అన్నయ్యా అని గొంతు చించుకుని అరిచాను. కళ్ళు తెరిచాడు. పిరోష్కా ఫ్యాన్ ఆపేసిందన్నాడు. అంతే, తల వాల్చేశాడు."

"ఎలా తీసుకెళ్ళారు పైకి?"

"చంకల కింద చేతులేసి ఈడ్చాను. వంద కిలోల మనిషి! మెట్టుకో సారి ఆగాను. ఆరుంపావుకల్లా బయట గడ్డి మీద పడుకోబెట్టాను. వీధి వీధంతా వచ్చి చూసింది."

"ఇంతసేపూ ఊపిరి బిగబట్టారా?"

గాష్‌పార్ నవ్వాడు. "ఊపిరి బిగబట్టి మాట్లాడటం మీ పోలీసు బళ్ళో నేర్పుతారేమో గానీ, మాకు రాదు."

ఎతెల్కా నేల మీదికి కొవ్వొత్తి వంచింది. రేకు గొట్టం మూతి సరిగ్గా చివరి పీపా పక్కన, జానెడెత్తులో ఉంది. చల్లగాలి అందులోంచి రివ్వున కొడుతోంది. ఇటుకల మీద తడి బూజు దుప్పటిలా పరుచుకుని ఉంది. వంద కిలోల మనిషిని ఈడిస్తే ఆ బూజు మీద చార పడాలి. బూట్ల గుర్తులైతే బోలెడున్నాయి, ఫైర్ వాళ్ళవీ, పోలీసులవీ. చార మాత్రం ఆమెకి కనపడలేదు. అందరూ తొక్కడం వల్ల చెరిగిపోయిందేమో, ఖాయంగా చెప్పలేం. కానీ ఎవరూ తొక్కని పీపా వెనకాల బూజు చెక్కు చెదరలేదు, పడిన మనిషి చెయ్యి తగిలిన గుర్తు కూడా లేదు.

పైకి ఎక్కుతుండగా గాష్‌పార్ గొంతు తగ్గించి అడిగాడు. "పిరోష్కా ఏమైనా చెప్పిందా?"

"ఏం చెప్పాలి?"

"ఏం లేదు. ఊరికే అడిగాను."

బయటికి రాగానే ఎతెల్కా రెండు గుక్కల గాలి పీల్చుకుని, హర్కాయి దగ్గరికి సూటిగా నడిచింది.

"మేజర్‌గారూ, ఫైర్ స్టేషన్‌కి రావాలి. ఇప్పుడే. అక్కడ కొలతలున్నాయి."

"నాకు చావుమాట ఉంది, చాలు."

"ఆ చావుమాట చచ్చినవాడు అన్నది కాకపోతే? రేపు కోర్టులో మీ పరువు పోతే నన్ననకండి."

పరువు అన్న మాట హర్కాయి మీద బాగానే పనిచేస్తుంది. గొణుక్కుంటూ బండెక్కాడు.

కొండ దిగువన, ఐదు నిమిషాల దూరంలో ఫైర్ స్టేషన్. దాని అధికారి బెనెదెక్ పందికొవ్వు రాసిన రొట్టె మీద ఉల్లిపాయ ముక్కలు పెట్టుకుని తింటున్నాడు. మాటలు తూచి ఖర్చుపెట్టే మనిషి. నల్లబల్ల మీద సుద్దతో రాసిన అంకెలు చూపించాడు. మొన్న సాయంత్రం అతను యంత్రంతో నేలమాళిగ మధ్యలో తీసిన గ్యాస్ కొలతలు అవి.

"ఏడింటికి వెళ్ళాం. ఫ్యాన్ తిరుగుతోంది. నాలుగు శాతం. ఏడున్నరకి రెండు."

"అంతేగా!" హర్కాయి చప్పట్లు చరిచాడు. "నాకూ లెక్కలొచ్చు, కెప్టెనమ్మా. అరగంటకి రెండు తగ్గింది. అంటే గంటకి నాలుగు. ఏడింటికి నాలుగుంటే ఆరింటికి ఎనిమిది. బెనెదెక్, ఎనిమిదిలో కొవ్వొత్తి వెలుగుతుందా?"

"మినుకు మినుకుమంటుంది."

"విన్నావా? గాష్‌పార్ చెప్పింది అక్షరాలా అదే! ఎనిమిదిలో తల తిరుగుతుంది, రొప్పు వస్తుంది, గుండె ధైర్యం ఉన్నవాడు పది నిమిషాలు తట్టుకుంటాడు. పద, పోదాం."

ఎతెల్కా కదల్లేదు. "మీ లెక్క ప్రకారం ఎనిమిది గంటలకి ఎంతుండాలి?"

"సున్నా."

"బెనెదెక్, ఎనిమిదింటికి ఎంత వచ్చింది?"

బెనెదెక్ రొట్టె ముక్క మింగి, మూతి తుడుచుకున్నాడు. "ఒకటి."

హర్కాయి నల్లబల్ల మీద ఆ అంకె వెతుక్కున్నాడు.

"ఫ్యాన్ అరగంటకి రెండేసి చొప్పున మోసుకుపోదు, మేజర్‌గారూ. ఉన్నదాంట్లో సగం మోసుకుపోతుంది. పొయ్యి మీంచి దించిన సూప్ చూడండి, ముందు గబగబా చల్లారుతుంది, తర్వాత నింపాదిగా చల్లారుతుంది. ఇదీ అంతే. నాలుగు, రెండు, ఒకటి. ఇప్పుడు వెనక్కి వెళ్ళండి. ఆరున్నరకి ఎనిమిది. ఆరింటికి?"

"పదహారు," అన్నాడు బెనెదెక్, అడక్కుండానే. అతని చేతిలో రొట్టె ఆగిపోయింది.

"అరగంటలు సరిగ్గా కుదిరాయని గాలిలో గీతలు గీస్తే కోర్టు ఒప్పుకుంటుందా?" హర్కాయి మొండికేశాడు.

ఎతెల్కా చేతిసంచీలోంచి బడి రోజుల నాటి లాగ్ టేబుల్స్ పుస్తకం తీసింది. అక్కడ బడికెళ్ళిన ప్రతివాడింట్లోనూ ఆ పుస్తకం ఒకటి ఏ అటక మీదో పడుంటుంది. ఈవిడది మాత్రం సంచీలో ఉంటుంది, అంతే తేడా. సుద్దముక్క అందుకుని బల్ల మీద రాసింది.

"కొలత అంటే మొదటి కొలతని e అనే అంకె మైనస్ కేటీ ఘాతంతో హెచ్చించడం. కే అంటే ఫ్యాన్ బలం, టీ అంటే నిమిషాలు. ముప్పై నిమిషాల్లో నాలుగు రెండయింది, అంటే సగం. ఘాతంలో ఇరుక్కున్న దాన్ని కిందికి దించాలంటే రెండువైపులా సహజ సంవర్గమానం, అదే నేచురల్ లాగ్, తీసుకోవాలి. అరకి సహజ సంవర్గమానం మైనస్ సున్నా పాయింట్ ఆరు తొమ్మిది మూడు. ముప్పైతో భాగిస్తే కే దొరికింది, సున్నా పాయింట్ సున్నా రెండు మూడు ఒకటి. ఇక ఏ నిమిషానికైనా లెక్క కట్టొచ్చు. గాష్‌పార్ శవాన్ని గడ్డి మీద పెట్టానన్న ఆరుంపావుకి కూడా పదకొండు దాటి ఉంది."

"పదకొండా!" బెనెదెక్ తల అడ్డంగా ఊపాడు. "కొవ్వొత్తి పదిలోపే ఆరుతుంది. పదహారులో అయితే మనిషి నాలుగు గుక్కలు పీల్చేలోపు కూలిపోతాడు. అరవడం కూడానా?"

"తిప్పి అడుగుదాం. మనిషి మాట్లాడుతూ, బరువు లాగుతూ ఉండాలంటే ఐదు శాతానికి దిగాలి. అది ఎప్పుడు దిగింది? ఐదుని నాలుగుతో భాగించి సంవర్గమానం తీస్తే సున్నా పాయింట్ రెండు రెండు మూడు. దాన్ని కే తో భాగిస్తే పది నిమిషాలు. ఏడింటికి పది నిమిషాల ముందు, అంటే ఆరూ యాభైకి. అప్పటికి శవం బయటికొచ్చి అరగంట దాటింది. ఊరంతా చూసింది."

"వాడు ఫ్యాన్ ఇంకా ముందే వేశాడేమో?"

"ముందు వేస్తే మొదటి అంకె ఇంకా పెరుగుతుంది. ఆలస్యంగా వేశాడనుకోండి, లోపల గ్యాస్ తక్కువే ఉందన్నమాట. తక్కువ గ్యాస్‌లో దున్నపోతు లాంటి ఆంబ్రుష్ ఎలా చచ్చాడు?" ఎతెల్కా సుద్ద కింద పెట్టింది. "గ్యాస్ ఆంబ్రుష్‌ని చంపి ఉంటే, గాష్‌పార్ లోపలికి వెళ్ళలేదు. గాష్‌పార్ లోపలికి వెళ్ళి ఉంటే, గ్యాస్ ఆంబ్రుష్‌ని చంపలేదు. రెండూ నిజం కావు. ఈ ఊరివాడు కాబట్టే దొరికిపోయాడు. కొవ్వొత్తి ఆరినా దిగానంటే ఇక్కడ ఎవడూ నమ్మడు. అందుకని కథలో కొవ్వొత్తి వెలిగించుకున్నాడు."

హర్కాయి నల్లబల్ల మీది అంకెలు ఒక్కొక్కటే మళ్ళీ చదివాడు. మొండివాడే గానీ మొద్దు కాదు. ఉన్నట్టుండి వేలు పైకెత్తాడు.

"బెనెదెక్, ఫ్యాన్ ఆపితే గ్యాస్ ఎంత జోరుగా పెరుగుతుంది?"

"నిన్న పొద్దున ఆపి చూశాం. గంటకి మూడు."

"పదహారు పోగవడానికి ఐదు గంటల ఇరవై నిమిషాలు. ఆరింటి నుంచి వెనక్కి లెక్కపెట్టు, కెప్టెనమ్మా. పన్నెండూ నలభై. గాష్‌పార్ అబద్ధాలకోరు, ఒప్పుకుంటాను. కానీ ఫ్యాన్ ఆగింది పన్నెండూ నలభైకి. అప్పుడక్కడున్నదెవరు?"

ఎతెల్కా నల్లబల్లకేసి తిరిగింది. ఆ లెక్క ఆమె చెయ్యలేదు. చెయ్యాలని కూడా తోచలేదు.

"ఆంబ్రుష్ ఉన్నాడు," అంది చివరికి.

"తన ఫ్యాన్ తనే ఆపుకుని, తనే దిగి చచ్చాడా?"

"పిరోష్కా వెళ్ళాక ఎవరైనా వచ్చి ఉండొచ్చు. గాష్‌పార్ దగ్గర తాళంచెవి ఉంది. అసలు ఆమెనే అడుగుదాం. బెదిరించకుండా అడుగుదాం. పిరోష్కా దగ్గర కాపలా ఎవరున్నారు?"

హర్కాయి గుమ్మం దగ్గరున్న తన డ్రైవర్‌కేసి చూశాడు.

"మేజర్‌గారూ! మీ డ్రైవర్ మనతో వచ్చాడు. ఆమె దగ్గర ఎవరున్నారు?"

"గాష్‌పార్‌కి అప్పగించాను." హర్కాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఊరికి వీరుడు కదా అని... తలుపు దగ్గర కూర్చుని కనిపెట్టుకుని ఉండమన్నాను."

ఎతెల్కా బండి వైపు పరిగెత్తింది.

బండి కొండెక్కుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. మలుపులో ఎవరిదో ద్రాక్షబండి అడ్డొస్తే హర్కాయి తల బయట పెట్టి బూతులు తిట్టాడు. ఆ బూతులు గాష్‌పార్‌కా, బండివాడికా, తనకేనా అన్నది అతనికే తెలియాలి. ఎతెల్కా దేవుణ్ణి తలుచుకుని చాలా కాలమైంది. ఇప్పుడు తలుచుకుంది.

గాష్‌పార్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద ఆరిపోయిన కొవ్వొత్తి కర్ర. ముక్కాలిపీట ఖాళీ. వెనకాల నేలమాళిగ తలుపుకి తాళం. ఫ్యాన్ చప్పుడు లేదు.

"పారిపోయి లోపలికి దూకేసింది, కామ్రేడ్ మేజర్," అన్నాడు లేస్తూ. "చేసిన పాపం ఊరుకోనిస్తుందా? పోతూ పోతూ ఫ్యాన్ ఆపేసి మరీ దిగింది. వెనకే వెళ్ళాను. మూడో మెట్టు మీదే కొవ్వొత్తి ఆరిపోయింది. ఇక దిగితే నేనూ పోయేవాణ్ణే. మీరు కూడా వెళ్ళకండి, చచ్చిపోతారు."

"తాళం ఎందుకేశావురా?" హర్కాయి అతని కాలర్ పట్టుకున్నాడు.

"ఇంకెవరూ దిగకుండా!"

"మేం వెళ్ళి ఎంతసేపయింది?" ఎతెల్కా గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అరగంట దాటలేదు. మేం బయల్దేరేటప్పుడు ఫ్యాన్ తిరుగుతోంది, నా చెవులతో విన్నాను. గంటకి మూడు లెక్కన అరగంటలో ఒకటిన్నర. ఒకటిన్నరలో కొవ్వొత్తి ఆరదు, గాష్‌పార్. నువ్వు ఊది ఆర్పావు. తాళంచెవి ఇటివ్వు."

గాష్‌పార్ ఇవ్వలేదు. హర్కాయి అతణ్ణి గోడకేసి అదిమి జేబులోంచి లాక్కుని, ఆమెకి విసిరాడు. డ్రైవర్ పరిగెత్తుకొచ్చి గాష్‌పార్ చేతులు వెనక్కి విరిచాడు.

"బెనెదెక్ వెనక బండిలో గాలి ముసుగు తెస్తున్నాడు, వచ్చేదాకా ఆగు, ఎతెల్కా," అన్నాడు హర్కాయి. ఆమెని పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. "నీ లెక్క తప్పైతే?"

"తప్పైతే మీరు ఫ్యాన్ వెయ్యండి. తప్పు కాకపోయినా వెయ్యండి."

తలుపు తీసింది. చీకటి. లెక్క నల్లబల్ల మీద ఎంత ధైర్యంగా నిలబడుతుందో మెట్ల మీద అంత ధైర్యంగా నిలబడదు. అగ్గిపుల్ల గీస్తే మొదటిది విరిగింది. రెండోది అంటుకుంది. కొవ్వొత్తి మోకాలి దగ్గర పట్టుకుని దిగింది. మూడో మెట్టు. వెలుగుతూనే ఉంది. ఇంకా దిగింది. వెలుగుతూనే ఉంది. అయినా కొవ్వొత్తిని నమ్మడానికి లేదు, మనిషికి మత్తెక్కడం మొదలయ్యాక కూడా అది వెలుగుతుందని బెనెదెక్ ఎప్పుడో చెప్పాడు. తల నొప్పిగా ఉందా? ఉందనిపించింది. గ్యాస్ వల్లో భయం వల్లో తెలుసుకోవడమెలా? పీపాలు గుసగుసమంటున్నాయి.

"పిరోష్కా!"

జవాబు లేదు. ఎతెల్కాకి ఏడుపొచ్చింది. వెనక్కి పరిగెత్తాలని ఒళ్ళంతా పీకుతోంది.

"పిరోష్కా, నేనే! ఎతెల్కాని!"

చివరి పీపా అవతల దగ్గు వినిపించింది.

పిరోష్కా ఇటుకల మీద బోర్లా పడుకుని ఉంది. కాలు మెలిపడింది, నుదుటి మీద నెత్తురు. మెట్ల మీంచి తోసేసి ఉంటాడు, ఇక్కడిదాకా పాక్కుంటూ వచ్చింది. మొహం రేకు గొట్టం మూతికి ఆనించి, రెండు చేతులతో దాన్ని వాటేసుకుని ఉంది. ఎతెల్కా మోకాళ్ళ మీద కూలబడి ఆమె చెయ్యి పట్టుకుంది. చెయ్యి మంచుముక్కలా ఉంది గానీ బతికి ఉంది.

"దేవుడా! బతికే ఉన్నావు! లే, నా మెడ చుట్టూ చెయ్యి వెయ్యి. నీ మీద ఆ చావుమాట అబద్ధమని తేల్చేశాను. ఇక నిన్నెవరూ బండెక్కించలేరు."

"కంగారు పడకండమ్మా," పిరోష్కా గొణిగింది. "గొట్టం దగ్గర మూతి పెడితే పైగాలి కాస్త అందుతుంది. ఆయనా ఇలాగే బతికాడు."

"ఎవరు?"

"గాష్‌పార్."

పైన ఫ్యాన్ గుర్రుమని మొదలైంది. గొట్టంలోంచి చల్లగాలి ఒక్కసారిగా ఇద్దరి మొహాల మీదా కొట్టింది. కొవ్వొత్తి ఆరిపోయింది. ఆ చీకట్లో పిరోష్కా గొంతు నిదానంగా, వణక్కుండా వినిపించింది. రెండు రోజుల నుంచీ మోస్తున్నది కిందికి దించుకుంటున్నట్టుగా.

"మొన్న మధ్యాహ్నం లోపలున్నది ఆంబ్రుష్ బాబాయి కాదమ్మా. పీపాలు చూసుకోవడానికి గాష్‌పార్ దిగాడు. ఆంబ్రుష్ బాబాయి వెనకే వచ్చి తలుపేసి బయటినుంచి తాళం పెట్టాడు. నన్ను ఫ్యాన్ ఆపమన్నాడు. సాయంత్రం ఆరింటికి తలుపు తీసి శవాన్ని చూద్దామనుకున్నాడు. శవం లేచి మీదపడి ఊపిరాడకుండా అదిమేసింది, గుమ్మం చాటునుంచి నేను చూశాను."

పన్నెండూ నలభై. హర్కాయి వేలు కళ్ళముందు లేచి నిలబడింది.

"నీకు తెలియదు కదా," అంది చివరికి, బతిమాలుతున్నట్టు. "లోపల మనిషి ఉన్నాడని నీకు తెలియదు. చెప్పు, పిరోష్కా. తెలియకే ఆపావు కదా?"

"తెలుసమ్మా. స్విచ్ మీద చెయ్యి వేసినప్పుడు లోపల్నుంచి తలుపు బాదుతూనే ఉన్నాడు. నా పేరు పెట్టి పిలిచాడు."

పైనుంచి హర్కాయి కేక మెట్ల మీదుగా దిగొచ్చింది.

"ఎతెల్కా! బతికే ఉందా? ఏమంటోంది?"

ఎతెల్కా చేతిలో పిరోష్కా చెయ్యి అలాగే ఉంది. దాన్ని వదలాలో, ఇంకా గట్టిగా పట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

"ఏమంటోంది, ఎతెల్కా?"